చేన్లో గాలి ఫ్యాను కట్టుకున్నాం: నా అనుభవం

ముందు డబ్బు లెక్క చెప్పేస్తాను. గాలికి తిరిగి కరెంటు పుట్టించే మా ఫ్యాను చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ మొదట అడిగింది అదే. బ్యాటరీలు కాక 54,540 రూపాయలు. బ్యాటరీలు రెండూ కలిపి 27,000. 2025 జనవరి 17న, కనుమ అయిన రెండు రోజులకు అయస్కాంతాలు ఆర్డరు పెట్టాను. జూలై 10న పొద్దున బల్బు వెలిగింది. మధ్యలో ఒక గోరు పోయింది, ఒక స్టేటరు (కరెంటు పుట్టే రాగి చుట్టల బిళ్ల) పోయింది, మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసిన వారం ఒకటి ఉంది.

మా చేను అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం నుంచి బెళుగుప్ప పోయే వైపు. చేన్లో నిలబడితే దూరాన కంపెనీల ఫ్యాన్లు కనిపిస్తాయి. గాలిమర అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా దగ్గర ఎవరిని అడిగినా ఫ్యాను అనే అంటారు. బోరుకు త్రీఫేజ్ కరెంటు పగలు తొమ్మిది గంటలు ఇస్తారు. రాత్రి చేన్లో చీకటే. వేరుశనగ కాయ పట్టే రోజుల్లో అడవి పందులు దిగుతాయి కాబట్టి నాయన కొట్టంలోనే పడుకుంటాడు. అక్కడ ఒక చిన్న సోలార్ ప్లేటు, దానికొక బ్యాటరీ పెట్టి ఉన్నాను. 2024 ముంగారులో (తొలి వానల కాలంలో) వరసగా ఐదారు రోజులు మబ్బు పట్టేసరికి లైటు రాత్రి పదికే ఆరిపోయేది. అప్పుడు నాయన కంపెనీ ఫ్యాన్ల వైపు చూపించి, "వాటికి మబ్బుంటేనేమి, లేకుంటేనేమి రా. రాత్రంతా తిరుగుతానే ఉంటాయి" అన్నాడు. ఆయన ఊరికే అన్నాడు. నేను పట్టించుకున్నాను.

నేను కళ్యాణదుర్గంలో ఇన్వర్టర్లు రిపేరు చేసే షాపులో పనిచేస్తాను. కాబట్టి కరెంటు సంగతి నాకు భయం లేదు. ఇంటర్నెట్‌లో కొలతలతో సహా అన్నీ దొరుకుతున్నాయి. స్కాట్లాండ్‌లో కరెంటు లైను లేని ఒక మారుమూల పల్లెలో 1970ల నుంచే ఇలాంటివి సొంతంగా కట్టుకుంటున్నారు. నేను పట్టుకున్నది ఆ పద్ధతినే. రెండు ఇనుప పళ్లేలు, ఒక్కోదాని మీద పన్నెండు అయస్కాంతాలు. ఆ రెండు పళ్లేల మధ్య రాగి చుట్టలు పోతపోసిన ఒక బిళ్ల. పళ్లేలు తిరుగుతాయి, బిళ్ల కదలదు. ముందర మూడు చెక్క రెక్కలు. రెక్క కొస నుంచి ఎదుటి కొస దాకా వ్యాసం 2.4 మీటర్లు, అంటే ఎనిమిది అడుగులు. చదివినప్పుడు ఇంతేనా అనిపించింది.

అయస్కాంతాలు ఢిల్లీ నుంచి రావడానికి పదిహేడు రోజులు పట్టింది. నియోడిమియంవి, 46 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 10 మందం. 24 ముక్కలు, కొరియర్‌తో కలిపి 10,440 రూపాయలు. ఫిబ్రవరి 3న కొరియర్ పిల్లోడు ఫోన్ చేసి, "అన్నా, మీ పార్సిల్ బైకు ట్యాంకుకు కరుచుకుని రావట్లేదు, మీరే వచ్చి తీసుకోండి" అన్నాడు. నవ్వుకుంటూ వెళ్లాను. ఇద్దరం కలిసి పక్కకు జరుపుతూ లాగితే వచ్చింది. ట్యాంకు మీద గీత పడింది, టీ తాగించి సర్దిచెప్పాను.

మరుసటి రోజు రాత్రి నవ్వు పోయింది. ఒక్కో ముక్క వంద గ్రాములే. అరచేతిలో పెట్టుకుంటే అగ్గిపెట్టంత. చేతిలో ఒకటి పట్టుకుని రెండోది అర అడుగు దూరంలో బల్ల మీద పెట్టాను. అది ఎప్పుడు లేచిందో చూడలేదు. టక్ మని శబ్దం వినిపించాక చూస్తే ఎడమ చేతి ఉంగరం వేలు మధ్యలో ఉంది. లాగితే రావు. పక్కకు జార్చాలి, జార్చాలంటే ఇంకో చెయ్యి కావాలి, నా ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, అది కూడా వెళ్లి అతుక్కుంది. మా ఆవిడ వచ్చి చెక్క గరిటెతో పక్కకు తోస్తే ఊడింది. గోరు నల్లబడి మార్చిలో రాలిపోయింది. ఆ రోజు నుంచి అయస్కాంతాలు పనిచేసే బల్ల మీద ఇనుము అన్నది లేకుండా చూసుకున్నాను. ముక్కకూ ముక్కకూ మధ్య చెక్క పెట్టాను. ఒకసారికి ఒక్కటే బయటికి తీశాను.

పళ్లేలు అనంతపురంలో గ్యాస్ కటింగ్ చేయించి, లేతు మీద సాపు చేయించాను. 300 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మందం, రెండూ కలిపి 2,400. పళ్లేలూ రెక్కలూ బిగించి తిప్పే హబ్బు కోసం గుజిరీ అంగట్లో పాత మారుతి 800 వెనక చక్రానిది తెచ్చాను, 1,200. బేరింగులు కొత్తవి వేయనక్కర్లేదని అంగడాయన అన్నాడు, నిజమే చెప్పాడు.

అయస్కాంతాలు ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని మార్చి మార్చి అతికించాలి. చేతిలో ఒక ముక్కను పట్టుకుని ఒక్కోదాని మీదుగా పోనిస్తే ఒకటి లాగాలి, తరవాతది తోయాలి. అట్లా పన్నెండూ సరిచూసుకున్నాను. రెండు పళ్లేలూ సరిగ్గా ఒకే రకంగా చేశాను. మూడు రోజులు ఆరబెట్టి, ఫిబ్రవరి 23న ఒకదానికి ఎదురుగా ఒకటి పెడితే రెండూ తోసుకున్నాయి. లాక్కోవాల్సినవి తోసుకుంటున్నాయి. ఎదురెదురుగా పెట్టినప్పుడు ఉత్తరానికి దక్షిణం రావాలి కాబట్టి రెండో పళ్లెం తిరగేసి అతికించాల్సిందని అప్పుడు వెలిగింది. అతికించిన ముక్కలు ఊడదీస్తే పగులుతాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు. రెండు రోజుల తరవాత షాపులో ఏదో ఫ్యాను బిగిస్తూ ఉంటే తట్టింది. హబ్బుకు నాలుగు బోల్టులు. అంటే ఒక రంధ్రం జరిపితే పళ్లెం 90 డిగ్రీలు తిరుగుతుంది. పన్నెండు అయస్కాంతాల్లో 90 డిగ్రీలంటే మూడు ముక్కల దూరం. మూడు బేసి సంఖ్య. ఒక్క రంధ్రం జరిపి పెడితే ఉత్తరానికి దక్షిణం వచ్చేస్తుంది! ఇంటికి పోయి జరిపి చూస్తే గట్టిగా లాక్కున్నాయి. ఇదేదో నేను కనిపెట్టినట్టు సంబరపడ్డాను. రెండు పళ్లేలకూ పసుపు పెయింటుతో గుర్తు పెట్టాను. మీరు ఐదు బోల్టుల హబ్బు కొంటే మాత్రం ఈ ఉపాయం పారదు. అందులో రెండో పళ్లెం మొదటి నుంచే తిరగేసి అతికించుకోవాలి.

వైండింగుకు మా షాపు పక్కన బోరు మోటార్లు చుట్టే అన్న దగ్గరికి పోయాను. తొమ్మిది చుట్టలు, ఒక్కోదానికి 17 గేజి రాగి తీగ 80 చుట్లు. ఫేజుకు మూడేసి. అన్న కాగితం చూసి, "స్టాంపింగు ఏదప్పా?" అన్నాడు. ఇనుము లేదన్నా, ఉత్త రాగే అంటే నమ్మలేదు. మోటారన్నాక ఇనుప రేకుల మధ్య తీగ దిగాలి, ఇదేం చోద్యం అని చుట్టుపక్కల అంగళ్లవాళ్లను పిలిచి చూపించాడు. ఇనుము లేకపోవడమే దీని గుణం. పళ్లేన్ని పట్టి ఆపే ఇనుము మధ్యలో లేదు కాబట్టి రెక్కలు చిన్న గాలికే కదులుతాయి. అన్న చుట్టినందుకు డబ్బులు తీసుకోలేదు, తీగకు మాత్రం 3,150 తీసుకున్నాడు. "తిరిగితే నాకు ఫోన్ చెయ్యి, తిరక్కపోతే చేయొద్దు" అన్నాడు.

ఇక రెసిన్, అంటే చుట్టల్ని బిళ్లగా పోతపోసే పదార్థం. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, నాకు ఎక్కువ నష్టం జరిగింది ఇక్కడే.

ఫైబర్ తొట్లు చేసేవాళ్లు వాడే పాలిస్టర్ రెసినే ఇది. దానికి రెండు మందులు ఉంటాయి. ఒకటి ఊదారంగు కోబాల్టు, ఇంకోటి నీళ్లలా ఉండే హార్డెనర్. ఈ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ముందు కోబాల్టు రెసిన్‌లో బాగా కలిపి, ఆ తరవాతే హార్డెనర్ పోయాలి. అంగడాయన ఇది మూడుసార్లు చెప్పాడు, దండం పెట్టాలి ఆయనకు. నూటికి రెండు పాళ్లు హార్డెనర్ అని డబ్బా మీద రాసి ఉంది. నేను అట్లే పోశాను. ఏప్రిల్ 13, ఆదివారం, మధ్యాహ్నం రెండు. సెలవు దొరికింది ఆ పూటే. రేకుల షెడ్డు. అనంతపురం జిల్లాలో ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద ఎట్లుంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ప్లైవుడ్ అచ్చులో తొమ్మిది చుట్టలూ పేర్చి, వైర్లు సోల్డర్ చేసి, రెసిన్ పోయడం మొదలుపెట్టాను. సగం పోసేలోపు మగ్గులో ఉన్నది జున్నులా గట్టిపడింది. గరిటె అందులోనే నిలబడిపోయింది. ఆ తరవాత మగ్గు నుంచి పొగ. ప్లాస్టిక్ మగ్గు మెత్తబడి వంగిపోయింది. పరుగున బయటికి తీసుకెళ్లి మట్టిలో పడేశాను. తిరిగొచ్చి చూస్తే అచ్చులో ఉన్నది కూడా వేడెక్కి పట్ పట్ మని పగుళ్లిస్తోంది. చెయ్యి పెట్టలేనంత వేడి. చుట్టలు సగం మునిగి, సగం తేలి ఉన్నాయి. సాయంత్రం అచ్చు విప్పితే అడ్డంగా మూడు చీలికలు, లోపలంతా బుడగలు. సుత్తి పెట్టి కొట్టినా రాగి విడిపోలేదు. ఉగాదికి పిల్లలకు బట్టలు తగ్గించి మరీ కొన్న తీగ అది. మా ఆవిడ ఏమీ అనలేదు. వారం రోజులు ఏమీ అనలేదు, అదే కష్టంగా ఉండింది.

రెండో విడత తీగకు మళ్లీ 3,150. వైండింగు అన్న నవ్వకుండా చుట్టిచ్చాడు. మే 4న తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పోశాను. ఈసారి హార్డెనర్ నూటికి ఒక పాలు, రెసిన్‌లో సగానికి సగం టాల్కం పొడి. పొడి కలిస్తే వేడి తక్కువ పుడుతుంది. అడుగున, పైన ఫైబర్ గుడ్డ. మైనం పాలిష్ అచ్చుకు రెండు పూతలు. పోయడం అయ్యాక అచ్చును చెక్క సుత్తితో అరగంట తట్టాను, బుడగలు పైకి తేలుతూనే ఉన్నాయి. పూర్తిగా గట్టిపడటానికి ముప్పావు గంట పైనే పట్టింది. 13 మిల్లీమీటర్ల మందంతో బిళ్ల అద్దంలా వచ్చింది. రెండు విడతల రెసిన్, గుడ్డ, పొడి అన్నీ కలిపి 2,200. దాన్ని పిల్లలకు చూపిస్తే మా చిన్నది పాలకోవా లాగుంది అంది.

రెండో పళ్లేన్ని కిందికి దించడానికి చేతులు వాడకూడదు. మూడు పొడవాటి మరల బోల్టులు పెట్టి, ఒక్కోటి పావు చుట్టు చొప్పున తిప్పుతూ దించాలి. చెయ్యి జారితే వేళ్లు మిగలవు. దీనికి గంటన్నర పట్టింది. బిళ్లకూ అయస్కాంతానికీ రెండు పక్కలా మిల్లీమీటరున్నర సందు మిగిలింది. చేత్తో నిమిషానికి 60 చుట్ల లెక్కన తిప్పితే రెండు వైర్ల మధ్య 8 వోల్టుల ఏసీ చూపించింది మీటరు. ఏసీని డయోడ్లతో డీసీ చేస్తే వోల్టులు కాస్త పెరుగుతాయి కాబట్టి, 24 వోల్టుల బ్యాటరీలోకి కరెంటు ఎక్కాలంటే నిమిషానికి 140 చుట్లు దాటాలన్నమాట. ఎనిమిది అడుగుల రెక్కలకు అది పెద్ద లెక్క కాదు.

రెక్కల పని పెద్దాచారి చేశాడు. మా ఊళ్లో ఒకప్పుడు ఎద్దుల బండి చక్రాలు చేసింది ఆయనే. ఇప్పుడు తలుపులు, మంచాలు, అవీ తగ్గిపోయాయి. మార్చిలోనే అడిగితే ముందు ఒప్పుకోలేదు. "కాగితం చూసి చేసే పని నాది కాదు నాయనా" అన్నాడు. నేను థర్మకోల్‌తో ఒక రెక్క చేసి తీసుకెళ్లాను. దాన్ని ఒకసారి గాల్లో ఊపి చూసి, "ఇది తెడ్డు గదా, మెలి పెట్టిన తెడ్డు" అన్నాడు. ఆ మాటతో నాకు సగం బరువు దిగింది.

టేకు నాలుగు అడుగుల ముక్కలు మూడు కావాలి, ముడి ఉండకూడదు, చారలు మొదటి నుంచి కొస దాకా నేరుగా పోవాలి. కళ్యాణదుర్గంలో ఒక డిపోలో అడిగితే చూపించిన ప్రతిదాంట్లో ముడి. పెద్దాచారి గోటితో గీకి, వాసన చూసి, "ఇది వద్దు" అంటూ రెండు గంటలు తిప్పించాడు. చివరికి మూడు బదులు నాలుగు ముక్కలు కొనిపించాడు, 4,500. నాలుగోది ఎందుకంటే, "చెయ్యి తప్పుతుంది, తప్పకుండా తప్పుతుంది" అన్నాడు. తప్పలేదు. ఆ ముక్క ఇంకా ఆయన గోడకు ఆనించే ఉంది.

గాలికి ఎదురుగా ఉండే ముఖం చదును, మొదట్లో బాగా వాలుగా ఉండి కొసకు వచ్చేసరికి ఆ వాలు దాదాపు పోతుంది. వెనక ముఖం చేప వీపులా గుండ్రం. మొదట్లో వెడల్పు 15 సెంటీమీటర్లు, కొసన 6. కొసన మందం 9 మిల్లీమీటర్లే. నేను ప్రతి జానెడుకూ గీతలు గీసి కొలతలు రాసిచ్చాను. ఆయన బాడిసతో పైపైన చెక్కి, ఉలితో దింపి, చిత్రికతో సాపు చేశాడు. గీత దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మదించేది. కొలత తీసేది నేను. ఆయన కళ్లు మూసుకుని బొటనవేలు వెనక వైపు పోనిచ్చి, "ఇక్కడ రోంత ఉబ్బుంది" అనేవాడు. మందం కొలిచే క్యాలిపరుతో చూస్తే అక్కడ అర మిల్లీమీటరు ఎక్కువ ఉండేది. మొదటి రెక్కకు ఆరు రోజులు, మూడోదానికి రెండున్నర. కూలీ 3,000 ఇస్తే వెయ్యి వెనక్కివ్వబోయాడు, నేను తీసుకోలేదు. మే 20కి మూడూ అయ్యాయి. అవిసె నూనె మూడు పూతలు వేశాం.

మూడింటినీ హబ్బుకు బిగించి గోడ నీడలో వదిలితే ప్రతిసారీ ఒకటే రెక్క కిందికి వచ్చి ఆగింది. తూకం కుదరలేదు. కుదరకుండా ఎత్తితే స్తంభం మొత్తం ఊగి చస్తుంది. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగుకు వాడే సీసం ముక్కలు ఉంటాయి కదా, అవి గుప్పెడు తెచ్చుకుని తేలిక రెక్కల మొదట్లో స్క్రూలతో బిగిస్తూ పోయాను. ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా ఒక పూట పట్టింది. షాపతను డబ్బులడగలేదు. ఏ బండికని అడిగాడు, చెప్తే మాత్రం నమ్మలేదు.

తోక, దాని వాలు మడతబందు, పైన తిరిగే పైపు వెల్డింగు షాపులో అయిపోయాయి, 3,000. గాలి మరీ ఎక్కువైతే ఫ్యాను తనంతట తాను పక్కకు తిరగాలి, తోక మడతపడాలి. తోక బరువును బట్టి అది ఎంత గాలికి తిరుగుతుందో ఉంటుంది. నాది కాస్త తేలికైంది, అవసరానికంటే ముందే తిరిగిపోతుంది. దాని వల్ల కరెంటు కొంత పోతోంది. అట్లే వదిలేశాను, రాత్రి నిద్ర పడుతుందని.

స్తంభం 40 అడుగుల జీఐ పైపు, 7,400. నాలుగు దిక్కులా ఉక్కు తాళ్లు, బిగించే మరలు, 4,800. లంగరు గుంతలకు కంకర, సిమెంటు, 3,500. వైర్లు, డయోడ్లు 3,200. బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే కంట్రోలరు, మిగిలిన కరెంటును వేడిగా తగలేసే కాయిలు, 2,600. మే నెలాఖరుకు సామానంతా చేన్లో ఉంది. మృగశిర కార్తెకు ఎత్తేద్దాం అనుకున్నాను.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. గాలి వచ్చేసింది. గాలి కోసమే కడుతున్నాం, తీరా ఎత్తుదామంటే గాలి ఆగదు. పైపు సగం లేచి ఉన్నప్పుడు గాలి తోస్తే ఎవరూ ఆపలేరు. జూన్ 13న తెల్లారి పదిమందిమి చేరి, ఆరింటికే గాలి హోరు చూసి, ఉప్మా తిని వెనక్కి వచ్చేశాం. 21న మళ్లీ అంతే. ఊళ్లోవాళ్లు, "ఏమప్పా, గాలి ఫ్యానుకు గాలి పడదా?" అని ఒకటే ఎగతాళి. జూన్ నెలాఖరుకు గాలి కాస్త ఉడిగిందనుకుంటే పీర్ల పండగ వచ్చింది. మా జిల్లాలో పీర్ల పండగంటే గూగూడు కుళ్లాయిస్వామి. సగం ఊరు అటే పోయింది, మిగిలిన సగం మా ఊరి పీర్ల చావిడి దగ్గర. తాడు పట్టే మనిషి ఎక్కడా దొరకలేదు. నేనూ అగ్నిగుండం చూసొచ్చి ఊరుకున్నాను.

జూలై 10, గురువారం, తెల్లవారుజామున ఐదు. ఆకు కదలడం లేదు. ట్రాక్టరుతో లాగుదామని మా బావమరిది పట్టుపట్టాడు. నేను ఒప్పుకోలేదు. ట్రాక్టరుకు ఎక్కడ బరువు పెరిగిందో తెలియదు, చైన్ పుల్లీ అయితే చేతికి తెలుస్తుంది. పైపుకు అడ్డంగా ఒక పదహారు అడుగుల పైపు నిలబెట్టి, దాని కొస నుంచి లాగడం. పైపు అడుగు నేలకు మడతబందుతో బిగించి ఉంటుంది.

ముప్పై డిగ్రీల దాకా లేచింది. అప్పుడు పడమటి తాడు వీణ తీగలా బిగుసుకుంది. అటువైపు నేల రెండడుగులు పల్లం, లంగరు పల్లంలో ఉండబట్టి పైపు లేచేకొద్దీ తాడు చాలకుండా పోతోంది. నేను చూసుకోలేదు. పైపు మధ్యలో వంగడం కంటికి కనిపిస్తోంది. "ఆపండి" అని అరిచాను గానీ గొంతు పెగల్లేదట, బావమరిది తరవాత చెప్పాడు. నాయన చూశాడు. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా పోయి పడమటి మరను నాలుగు చుట్లు వదులు చేశాడు. పైపు మెల్లగా నిటారైంది. నా కాళ్లు వణకడం అప్పటికి గానీ ఆగలేదు. అక్కడి నుంచి ప్రతి పది డిగ్రీలకూ ఆగి రెండు పక్కల తాళ్లూ సరిచూసుకుంటూ ఎత్తాం. ఏడున్నరకు నిలబడింది.

ఎనిమిదింటికి గాలి మొదలైంది. తోక ఊగింది, ఫ్యాను పడమటి వైపు తిరిగి నిలబడింది, రెక్కలు బద్ధకంగా ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఆ తరవాత రెక్కలు విడివిడిగా కనిపించడం మానేశాయి. కొట్టంలో ఆమీటరు ముల్లు సున్నా మీద నుంచి లేచి 2 దగ్గర ఆడింది. బల్బు నాయనే వేశాడు. పొద్దున ఎనిమిదింటికి ఎండలో వెలిగే బల్బును పదకొండు మందిమి నిలబడి చూశాం. వైండింగు అన్నకు ఫోన్ చేశాను. "తిరిగిందా?" అన్నాడు, హలో కూడా అనకుండా.

జూలై 22 రాత్రి నేను చేసిన తప్పు చెప్తాను. బ్యాటరీ దగ్గర ఒక టెర్మినలు వేడెక్కుతోందని ఫ్యూజు తీశాను. తీసే ముందు బ్రేకు స్విచ్ వేయాలి. ఫ్యాను నుంచి వచ్చే మూడు వైర్లనూ ఒకదానికొకటి కలిపేసే స్విచ్ అది. కలిపితే రెక్కలు భారమై నెమ్మదిస్తాయి. అది మరిచాను. బ్యాటరీ తెగిందంటే ఫ్యానుకు మోయడానికి బరువేమీ లేదు, పగ్గం తెంచుకున్న కోడెలా పరిగెడుతుంది. బయట ఒక మోత మొదలైంది, హెలికాప్టరు దగ్గరికొస్తున్నట్టు. కంట్రోలరు 60 వోల్టుల దాకే ఓర్చుకుంటుంది. ఒక చిన్న టప్ శబ్దం, కాలిన వాసన. స్విచ్ వేయడానికి చెయ్యి పెట్టాను, మళ్లీ తీశాను. మంచి వేగంలో ఉన్నప్పుడు వేస్తే స్టేటరు కాలుతుందని చదివాను. గాలి విసురు తగ్గిన క్షణం కోసం నిలబడి లెక్కపెట్టాను, ఎంతసేపో తెలియదు. తగ్గగానే వేశాను. మోత దిగింది. నాయన మంచం మీద లేచి కూర్చుని, "ఏమైంది రా?" అన్నాడు. ఏం లేదు నాయనా, పడుకో అన్నాను. కొత్త కంట్రోలరు 1,900, మొదట చెప్పిన లెక్కలో ఇది లేదు. ఇప్పుడు ఫ్యూజు పెట్టె మూతకు స్విచ్ పిడి అడ్డం వచ్చేట్టు బిగించాను. బ్రేకు వేయకుండా మూత తెరుచుకోదు.

కరెంటు ఎంత వస్తుందంటారా? మీటరు పెట్టి రాసుకున్నాను. జూలై, ఆగస్టుల్లో మామూలు రోజు యూనిట్ నుంచి యూనిట్నర. బాగా వచ్చిన రోజు ఆగస్టు 2న, 2.8 యూనిట్లు. గాలి లేని రోజు ఆమీటరు ముల్లు ఆవులిస్తూ ఉంటుంది. గాలి వేగం రెట్టింపైతే దాంట్లోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే కొంచెం తగ్గినా మొత్తం పోయినట్టుంటుంది. పైగా కంపెనీ ఫ్యాన్లు 80 మీటర్ల ఎత్తున, ఇంకా పైన ఉండే గాలిని తింటాయి. నాది 12 మీటర్లు, పక్కన చింతచెట్టు. ఆ చెట్టు వైపు నుంచి గాలి వస్తే ఫ్యాను అటూ ఇటూ తల తిప్పుతూ ఉంటుంది తప్ప పని చేయదు. ఇంకో వంద అడుగులు అవతల నాటాల్సింది. వైరుకు డబ్బు మిగుల్చుకుందామని దగ్గర నాటాను.

ఇంకో మాట కూడా దాచను. మా షాపులోనే 540 వాట్ల సోలార్ ప్లేటు 2025లో 13 వేలకు అటూ ఇటూగా అమ్మాం. నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోతుంది, వేళ్లు నలగవు. కేవలం కరెంటే కావాలంటే అది కొనుక్కోండి. నేను కూడా దసరా బోనస్ వస్తే ఒకటి పెడతాను. మబ్బు రోజుల్లో ఫ్యాను, ఎండ రోజుల్లో ప్లేటు, బ్యాటరీ ఒకటే.

సెప్టెంబరు నడిమికి గాలి పడిపోయింది. ఇప్పుడు రోజుకు 0.2 యూనిట్లు వస్తే గొప్ప. నాయన మాత్రం పొద్దున లేవగానే బయటికొచ్చి తోక ఎటు తిరిగి ఉందో చూస్తాడు. ఈ ఏడాది పందులు వచ్చినా లైటు చూసి చేను చివరి నుంచే తిరిగిపోయాయని చెప్తున్నాడు, నాకైతే సందేహమే. ఒక రెక్క ముందంచుకు అతికించిన టేపు దుమ్ముకు లేచిపోయి తిరిగినప్పుడల్లా ఈల వేస్తోంది. వచ్చే ఆదివారం దించుతాం, మళ్లీ ఎత్తేటప్పుడు ఈసారి పడమటి తాడు ముందే వదులు చేస్తాం. పెద్దాచారిని రమ్మన్నాను. ఆ నాలుగో ముక్క కూడా తెస్తానన్నాడు.